వేడిని చూసే కెమెరాతో రెండు రాత్రులు

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది. కంటికి కనబడని ప్రతిదాన్నీ చూపించే పరికరం ఎక్కడో ఒకటి ఉంటుందని, అది చేతిలో ఉన్నవాడికి పక్కన ఇంకో మనిషి అక్కర్లేదని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బొంతపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ట్రైనీని. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నేను పుట్టి పెరిగింది ఈ ప్రాంతంలోనే అయినా ఉద్యోగుల కాలనీ గోడ దాటి ఊళ్లో ఉండటం అదే మొదలు. ఊరి చివర ఒక రైతు ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. ఆయన్ని మామా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. (ఆయనకు కూతుళ్లు లేరు. వరస ఉత్తదే. కానీ అల్లుణ్ని ఆటపట్టించే హక్కును మాత్రం ఆయన ఒక్కరోజు కూడా వదులుకోలేదు.)

ఆ ఏడాది ఫ్యాక్టరీలో వార్షిక షట్‌డౌన్ మొదలైంది. పదిహేను రోజులు యంత్రాలన్నీ ఆపి, విప్పి, బాగుచేసి మళ్లీ బిగిస్తారు. పనిలో పనిగా క్యాంటీన్ కూడా మూసేసి సున్నం వేయించారు. అందువల్ల నేను రెండు పూటలా మామ భార్య అత్తమ్మ దగ్గరే తినేవాణ్ని. నా పేరున ఇచ్చిన థర్మల్ కెమెరాకు కూడా పని లేకుండా పోయింది. కరెంటు ప్యానెళ్లలో ఏ తీగ అతిగా వేడెక్కుతోందో చూపించే కెమెరా అది. వేడి వస్తువు తెల్లగా, చల్లనిది నల్లగా కనిపిస్తుంది. కరెంటే లేనప్పుడు వేడెక్కడిది? అంచేత అది నా బ్యాగులో గదికి వచ్చేది. (ఈ మాట అప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసర్లెవరికీ చెప్పలేదు.)

షట్‌డౌన్ మొదలైన నాలుగో రోజు మామ కొట్టంలోంచి ఒక మేకపిల్ల మాయమైంది. ఆరో రోజు ఇంకొకటి. నెత్తురు మరకలు తప్ప ఏమీ దొరకలేదు. మామ సేద్యం ఎప్పుడో కొడుకు చేతికి పోయింది. మిగిలినవి ఆ పన్నెండు మేకలే. వాటి వెంట తిరగడమే ఆయన దినచర్య. అత్తమ్మ మాత్రం లెక్క తేల్చేసింది. "ఇంకొక్కటి పోయిందంటె అన్నిటిని అంగడికి తోల్కపోయి అమ్ముత. నక్కలకు పెంచుడెందుకు?"

"మేకలమ్మితె నేనేం జెయ్యాలె? పొద్దంత నీ మొకం సూసుకుంట కూసోవాల్నా?" అన్నాడు మామ.

"నా మొకానికేమైంది?" అంది అత్తమ్మ. మామ లేచొచ్చి, కాపలాకు రమ్మని నా గది తలుపు కొట్టాడు.

వచ్చేదేమిటో ఎవరికీ తెలియదు. మామ నక్క అన్నాడు. పక్క గదిలో ఉండే బిహారీ వెల్డర్ 'తేందువా', అంటే చిరుతపులి అన్నాడు. నాకు అది దుమ్ములగొండి అయుండాలని ఉంది. పుస్తకాల్లో చదివానే గాని ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే మేకలకన్నా ఆ కుతూహలమే నన్ను ఎక్కువగా కదిలించింది.

మొదటి రాత్రి ముగ్గురం కాపలా కూర్చున్నాం. మామ చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద అన్నతో కలిసి అడవిపందులకు కాపలా కాసినవాడు. పద్ధతి ఆయనే చెప్పాడు. "ఒకడు సూడాలె, ఒకడు ఇనాలె, ఒకడు పండాలె. జాముకోసారి మారాలె." వినడానికి బాగానే ఉంది. ఆచరణలో ముగ్గురం ఒకే పని చేశాం, మాట్లాడటం. వెల్డర్ తన ఊళ్లో చిరుత దూడను ఎత్తుకెళ్లిన కథ చెప్పాడు. మామ బీడీ మీద బీడీ ముట్టించాడు. అత్తమ్మ రెండుసార్లు చాయ్ తెచ్చి, రెండుసార్లూ గ్లాసులు చప్పుడు చేస్తూ పట్టుకుపోయింది. మూడో జామున పడుకోవాల్సినవాణ్ని నేను. మొదటి జాములోనే ఆ బాధ్యత నెరవేర్చాను. మామ భుజం పట్టి కుదిపేసరికి కొట్టంలో మేకలు అరుస్తున్నాయి. కెమెరా మేల్కొనడానికి అర నిమిషం పడుతుంది. అది మేల్కొన్నాక బెదిరిన మేకలు తెల్లగా కనిపించాయి. ఒక పిల్ల తక్కువ.

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు ఇతరుల తప్పులు బాగా కనిపిస్తాయి. "ఇంతమంది, ఇన్ని మాటలు, బీడీ వాసన... ఇట్లా ఉంటే ఏ జంతువైనా వస్తుందా మామా?" అన్నాను.

"అచ్చింది గదనయ్యా! అచ్చి తీస్కపోయింది గూడ," అన్నాడు మామ.

మర్నాడే అంగడి. అత్తమ్మ అప్పటికే ఆటో మాట్లాడేసింది. మిగిలింది ఒక్క రాత్రి. ఆ పగలంతా ఫోన్‌లో చదివాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో రాత్రివేట గురించి వాదించుకున్నారు. ఒకరు లైటు పట్టి ఒకరు చూస్తే మేలని కొందరు, చీకట్లో చూసే పరికరముంటే ఒంటరిగా వెళ్లడమే మేలని కొందరు. నేను ఏ పక్షమో చెప్పక్కర్లేదు. "ఈ రాత్రి నేనొక్కణ్నే ఉంటాను," అని ప్రకటించాను. మామ వెంటనే, "మంచిది. నేనైతె పంట. నువ్వే సూస్కో," అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

గడ్డివాము వెనక కూర్చున్నాను. మొదటి గంట నిజంగా అద్భుతంగా గడిచింది. పగలంతా ఎండ తాగిన బండరాయి అర్ధరాత్రి దాకా తెల్లగా వెలుగుతుందని నాకు తెలియదు. నిద్రపోయే కోడి గుండ్రటి దీపంలా ఉంటుందనీ తెలియదు. అయితే కాసేపటికి కెమెరా లోపాలూ తెలిశాయి. అది ముందున్నదే చూపిస్తుంది, వెనకది చూపించదు. తెర మీంచి కళ్లు తీస్తే చుట్టూ చీకటి రెట్టింపవుతుంది. అన్నిటికన్నా విచిత్రం, చూడటంలో మునిగిపోతే చెవులు పనిచేయడం మానేస్తాయి.

అలా తిప్పుతూ ఉండగా, పదడుగుల దూరంలో అది కనిపించింది. నాలుగు కాళ్లు, ఒక తల, తెల్లగా. మధ్యలో ఒళ్లు మాత్రం మసకగా, ఉన్నట్టూ లేనట్టూ. నక్క కాదు. చిరుత కాదు. నేను చదివిన ఏ జంతువుకూ అలాంటి ఒళ్లు లేదు. నెమ్మదిగా నా వైపే పాకుతోంది. నేను లేచి ఒక్కో అడుగే వెనక్కి వేశాను. మూడో అడుగు కుడితి తొట్టిలో పడింది, దాని వెంట నేనూ పడ్డాను. కెమెరాను మాత్రం చెయ్యెత్తి కాపాడుకున్నాను. ఆ చప్పుడుకు మృగం రెండు కాళ్ల మీద లేచి నిలబడింది.

"బుగులు పడకు అల్లుడూ, నేనే."

మామ గొంగడి కప్పుకుని ఉన్నాడు. ఆ దళసరి ఉన్ని లోపలి వేడిని బయటికి రానివ్వదు. అందుకే ఒళ్లు కనబడలేదు. "పాకుతూ ఎందుకొచ్చావు మామా?" అని అరిచినంత పని చేశాను.

"నిలవడి అస్తె నీ డబ్బాల కనవడ్తనని, వంగి అచ్చిన."

"పడుకుంటానన్నావు కదా!"

"నిన్నొక్కన్ని ఈడ ఇడిసిపెట్టి ఎట్ల పంటనయ్యా? నిన్న సుత ఎట్ల నిద్రవోయినవో సూడలేదా?" అని ఆగి, నా భుజం పట్టాడు. "సప్పుడు జెయ్యకు. కంపల ఏదో మెసులుతున్నది. ఎడమ దిక్కు పట్టు నీ డబ్బా."

నాకేమీ వినిపించలేదు. పట్టాను. ముళ్లకంప కింద నుంచి నాలుగు తెల్లటి ఆకారాలు ఒకదాని వెనక ఒకటి దూరుతున్నాయి. ముందున్నది వెనక కాలు కొంచెం ఈడుస్తోంది. అది ఆగి, ముక్కు పైకెత్తి, నేరుగా నా మీదికి వచ్చింది. మామ కట్టె లేపాడు. అప్పుడు తెరలో సన్నటి తెల్లటి తీగ ఒకటి అటూ ఇటూ ఊగింది. తోక! మరుక్షణం ఆ క్రూరమృగం కుడితిలో తడిసిన నా చెయ్యి నాకుతోంది.

మా క్యాంటీన్ వెనక ఉండే నాలుగు కుక్కల్లో పెద్దది అది. అన్ని విభాగాలూ తిరుగుతూ ఎక్కడా పని చేయదని మేం దానికి 'సూపర్‌వైజర్' అని పేరు పెట్టాం. రోజూ నా పళ్లెంలో మిగిలింది దానికే. క్యాంటీన్ మూస్తే నాకు తిండి ఎలా అని ఆలోచించుకున్నవాణ్ని, దాని సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మామ కట్టె దించాడు. "ఏందయ్యా, నీ సుట్టమేనా?" అన్నాడు. అంతా విన్నాక అడిగింది ఒకటే. "మీ బందు ఇంకెన్ని దినాలు?"

ఆరు రోజులన్నాను. ఆ ఆరు రోజులూ అత్తమ్మ తిట్టుకుంటూనే పెద్ద గిన్నెడు జొన్న గట్క వండింది. నేను సాయంత్రం దాన్ని సైకిల్ మీద ఫ్యాక్టరీ గేటు దాకా మోశాను. ఆటోవాడు మేకల కోసం వచ్చి, చాయ్ తాగి, ఖాళీగా వెళ్లాడు. తర్వాత ఒక్క పిల్ల కూడా పోలేదు.

ఆ తెల్లవారుజామున జరిగింది ఇంకొకటుంది. మామ కొట్టం పక్కన నులక మంచం మీద కాసేపు నడుం వాల్చి లేచాడు. యథాలాపంగా అటు కెమెరా పట్టాను. ఖాళీ మంచం మీద ఆయన ఒంటి వేడి మిగిల్చిన ఆకారం అలాగే పడుకుని ఉంది. తల, భుజాలు, ముడుచుకున్న మోకాళ్లు. ఆయన్ని పిలిచి చూపించాను.

"నేనీడ ఉన్న గదా, గాడ ఎవడు మరి?" అన్నాడు. ఎంతసేపుంటుందో చూడాలని ఇద్దరం నిలబడ్డాం. మెల్లగా మసకబారి, అత్తమ్మ చాయ్ తెచ్చేలోపు పోయింది. "జెర ఆగు, మల్ల పంట. ఈసారి సక్కగ సూడు," అని ఆయన మళ్లీ పడుకున్నాడు. అట్లా నాలుగుసార్లు.

మొన్న ఆయన దినాలకు వెళ్లాను. పన్లోంచి నేరుగా వెళ్లడంతో కెమెరా బ్యాగులోనే ఉంది, ఇప్పుడిది కొత్తది, చిన్నది. భోజనాలయ్యేసరికి చీకటి పడింది, నేను కొట్టం వైపు నడిచాను. మంచం అక్కడే ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని బయటికి తీశాను. ఏం కనబడుతుందనుకున్నానో నాకే తెలియదు. నల్లటి నులక మీద, ఒక మూల, చిన్న తెల్లటి గుండ్రం. మేకపిల్ల ఏదో అప్పుడే లేచి వెళ్లింది.

"చీకట్ల ఒక్కనివే ఏం సూస్తున్నవ్ బిడ్డా?" అంది అత్తమ్మ వెనక నుంచి. ఆమె వచ్చిన చప్పుడు నాకు వినబడలేదు. కెమెరా ఆమె చేతికిచ్చి, చూడమన్నాను.