హెడ్డుగారు మెచ్చిన ఫాదరుగారి సోడా

మా కమలాపురం మిషన్ బంగళాలో ఈ రోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగడం లేదు.

నేను పాఠాలు చెప్పే బడిని నడిపే ఫాదరుగారిది బెల్జియం. వాళ్ల దేశపు బీరు బంగారు రంగులో ఉండి, గట్టిగా తలకెక్కుతుందట. ఈ మద్యనిషేధంలో పర్మిటు మీద మద్రాసు నుంచి తెప్పించుకునే స్తోమత లేక, బార్లీ, బెల్లం పులియబెట్టి తనే తయారు చేసుకున్నారు. ఆకుపచ్చ గోలీసోడా సీసాల్లో దాచారు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం హెడ్డు కానిస్టేబులు సోదాకు దిగాడు. ఎండన పడి వచ్చిన మనిషికి ముందు దాహం తీర్చడం మా వైపు మర్యాద. సంగతి తెలియని వంట చిన్నప్ప ఆ సీసానే తెచ్చి, టప్పున గోలీ కొట్టి చేతికిచ్చాడు. ఫాదరుగారి ముఖం పాలిపోయింది. హెడ్డు గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

“ఏమప్పా చిన్నప్పా, ఈ సోడా శానా ఘాటుగా ఉండాదే! ఇంకోటి కొట్టు.”

రెండోది కూడా అయ్యాక ఫాదరుగారి భుజం మీద చెయ్యేశాడు. “మీరంటే గిట్టనోళ్లెవరో పితూరీ చెప్పినారు సామీ. ఈడ సారా యాడుండాది? రేపు కూడా వచ్చి బాగా వెతుకుతా” అంటూ సైకిలు ఈ పక్క ఎక్కి, ఆ పక్క పడ్డాడు.

మిగిలిన సీసాలు దాచాలా, తడి ఇసుకలో చల్లబెట్టాలా అని ఫాదరుగారు నన్నడుగుతున్నారు. మీరైతే ఏం చెబుతారు?