పేరు ఉండనియ్యి, మాట మార్చు

మేడం పోయారన్న సంగతి నాకు నా మాటల్లోనే తెలిసింది.

ఆ ఉదయం రాయ్‌పూర్‌లో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఫోన్ చూస్తున్నాను. జగదల్‌పూర్‌లో మేము చదువుకున్న ప్రైవేటు కాలేజీ విడుదల చేసిన ప్రెస్ నోట్ ఒకటి పాత విద్యార్థుల గ్రూపులోకి వచ్చింది. హిందీలో ఉంది. పైన మేడం ఫొటో, చుట్టూ పూలదండ. కింద మూడో పేరాలో నా పేరు. ‘ఆమె నాకు తల్లికన్నా ఎక్కువ, ఈ కాలేజీ పుణ్యాన అలాంటి గురువు దొరికింది’ అని నేను కన్నీరు కారుస్తూ చెప్పానట. మేడం ఇక లేరన్న కబురు నా చెవిన పడకముందే నేను ఏడవడమూ అయిపోయింది, కాలేజీకి దండం పెట్టడమూ అయిపోయింది.

దాని కిందే ఇంకో వాక్యం ఉంది. పదకొండేళ్ళు సేవలందించిన మేడం అనారోగ్యం వల్ల స్వచ్ఛందంగా తప్పుకున్నారని. పోయినవాళ్ళను పొగడటం లోకం తీరే, చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పొగడ్తల మీద నాకు కోపం లేదు. ఆ ‘స్వచ్ఛందంగా’ అన్న మాట చూశాకే ఒళ్ళు మండింది. మేడం తప్పుకోలేదు. ఆమెను తీసేశారు. ఎందుకు తీసేశారో తెలిసినవాళ్ళం నలుగురైదుగురం ఉంటాం. మేమూ నోరు మూసుకుంటే ఆ నోట్‌లో ఉన్నదే నిజమైపోతుంది. అందుకని రాస్తున్నాను.

మేడం మాకు ప్రజాసంబంధాల పాఠం చెప్పేవారు. తెలుగు సరిహద్దున ఉన్న కొంటాలో వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం వాళ్ళది, మాదీ అంతే. క్లాసులో హిందీ, క్యాంటీనులో హల్బీ, మా కొంటా పిల్లలు కనిపిస్తే తెలుగు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క, చేతిసంచిలో సోంపు డబ్బా ఉండేవి. కాలేజీ కాగితాల్లో ఆమె హోదా అతిథి అధ్యాపకురాలు. ఏ ఇంట్లోనైనా చుట్టం పదకొండు రోజులుంటే ఇంటి మనిషైపోతుంది. మేడం పదకొండేళ్ళున్నా చుట్టంగానే ఉన్నారు. ఏటా వేసవి సెలవులు అయ్యాక, కొత్త ఆర్డరు కాగితం కోసం గుమాస్తా బల్ల ముందు నిలబడేవారు. మేము వరండాలోంచి చూసేవాళ్ళం. ఆమె మమ్మల్ని చూసి కూడా చూడనట్టు ఉండేవారు.

ఆ పెన్సిల్‌తో మా రాతల్ని చెక్కేసేవారు. “ఘనంగా అని రాసినవంటే ఎంతమంది వచ్చిన్రో నువ్వు లెక్కపెట్టలేదన్నట్టు” అనేవారు. “హర్షం వ్యక్తం చేశారు అని రాసినవా, వాళ్ళ మొహం దిక్కు నువ్వు సూడనే లేదు.” ఇప్పటికీ ఘనంగా అన్న మాట టైపు చేయబోతే నా వేళ్ళు ఆగుతాయి.

ఆఖరి సెమిస్టర్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు. ఈ సంగతి ఇంటర్న్‌లను తీసుకునేవాళ్ళకు మాకంటే బాగా తెలుసు. పని నేర్పుతామని చెప్పి తీసుకుపోయి కుర్చీలు వేయించేవారు, బొకేలు మోయించేవారు, టీలు అందించమనేవారు. ఆడపిల్లలమైతే అతిథుల ఎదుట హారతి పళ్ళెం పట్టుకుని నిలబడాలి. అదీ కాకపోతే తలా పది దొంగ పేర్లతో ఖాతాలు తెరిచి, వాళ్ళ కార్యక్రమాల ఫొటోల కింద ‘చాలా మంచి పని’ అని రాయాలి. ఇరవై ఏళ్ళ పిల్లలకు అబద్ధం ఆడటంలో తర్ఫీదు ఇచ్చి, దానికి అనుభవమని పేరు పెట్టి, కింద గుండ్రటి ముద్ర వేసి ఇచ్చేవారు. మేడం ఒక్కో ఆఫీసుకూ వెళ్ళి తగాదా పెట్టుకునేవారు. మా పిల్లలు స్టేజీ సామాను కాదని హిందీలో చెప్పి, కదలకుండా అక్కడే కూర్చునేవారు.

ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే, మా ఇంటర్న్‌షిప్ డైరీ. అందులో తనే ఒక గడి గీయించారు. మేము రాసిన ప్రెస్ నోట్‌లో ఎవరి మాట వేసినా, అచ్చుకు పంపేముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి భాషలో చదివి వినిపించాలి. విన్నాక వాళ్ళేమన్నారో ఆ గడిలో రాయాలి. గోండీ అయితే గోండీ, హల్బీ అయితే హల్బీ. రాకపోతే వచ్చినవాళ్ళను వెంట తీసుకుపోవాలి. అలా చేసే కాలేజీ ఇంకెక్కడా నాకు తెలియదు. పిల్లలు విసుక్కునేవాళ్ళు. నేనూ విసుక్కున్నాను.

నన్ను జగదల్‌పూర్‌లోనే ఒక ప్రచార ఏజెన్సీ తీసుకుంది. మా కొంటా చుట్టుపక్కల పల్లెల్లో మాట్లాడే దోర్లీ భాష నాకు వచ్చునని తీసుకుంది. ఒక కంపెనీ తరఫున మరైగూడ వైపు ఒక పల్లెలో సోలార్ మోటారు, నీళ్ళ ట్యాంకు ప్రారంభం చేస్తున్నారు. నేను జీపు ఎక్కేసరికే ప్రెస్ నోట్ తయారై ఉంది. జరగబోయేదంతా జరిగిపోయినట్టు రాసేశారు. అందులో ఊరి మహిళ ఒకామె మాట కూడా ఉంది: ‘మా కష్టాలు తీరిపోయాయి, ఈ కంపెనీ మాకు దేవుడు.’ ఆమె పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలారు. ఫొటోకు ఎవరు నిలబడితే వాళ్ళ పేరు అడిగి ఆ చుక్కల మీద వేయడమే నా పని. కుళాయి కింద బిందె పెట్టి నిలబడినామె పేరు ముత్తక్క. వేశాను. నాకు తప్పనిపించలేదు. అచ్చులో చూసుకుని మురిసిపోయాను కూడా.

శనివారం మేడం డైరీ చూశారు. ఆ గడి ఖాళీ.

“ముత్తక్కకు సదివి వినిపించినవా?”

“లేదు మేడం. దూరం కదా.”

“నీ ఊరి పక్కనే గదా, దూరమేంది? రేపు కొంటా బస్సు ఎన్నింటికి?”

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. దోర్నాపాల్‌లో బస్సు ఆగితే టీ తాగాం. మేడం సోంపు నములుతూ, దారంతా నాతో నోట్‌ను దోర్లీలోకి మార్పించారు, ఒక్కో వాక్యం. కొంటాలో మా నాన్న ఆటో మాట్లాడి పెట్టాడు. ఊళ్ళోకి వెళ్ళేసరికి ముత్తక్క మోదుగాకులు కుట్టుకుంటూ ఉంది. నేను పేపరు తీసి చదివాను. దేవుడన్న మాట దగ్గర నా గొంతు కాస్త తగ్గింది.

ముత్తక్క నవ్వింది. ఆమె దోర్లీలో అన్నది తెలుగులో దాదాపు ఇంతే. “నేనెప్పుడంటినే ఈ మాట? మా దేవుడు గుట్ట మీదున్నడు. ఈళ్ళెట్ల దేవుళ్ళైతరు? ఆ దినం ట్యాంకరు తెచ్చి పోసిర్రు, కుళాయిల వచ్చినయి. మూడో దినానికి అయిపోయినయి. మోటారు తిరగనే లేదు. మేము ఎనకటి లెక్కనే వాగు నీళ్ళు తాగుతున్నం.”

మేడం నా వైపు చూడకుండా ఆమెనే అడిగారు. “నీ పేరు తీసెయ్యమంటవా అమ్మా?”

ముత్తక్క ఆకు కింద పెట్టి ఆలోచించింది. “పేరెందుకు తీసుడు? నా పేరు ఉండనియ్యి. మాట మార్చు.”

తిరుగు బస్సులో సుక్మా దాటాక మేడం, “పదకొండేండ్ల సంది పాఠం చెప్తున్న. ఆమె ఒక్క మాటల చెప్పేసింది” అన్నారు.

మాట మార్చాలంటే సవరణ రాయాలి. మేడం రాయించారు, నేను సంతకం చేసి ఏజెన్సీలో ఇచ్చాను. అక్కడి మేనేజరు చదివి, “నువ్వు ఇంటర్న్‌వా, ఇన్‌స్పెక్టర్‌వా?” అని హిందీలో అడిగాడు. మోటారు సంగతి అడగలేదు. నీళ్ళ సంగతి అడగలేదు. కంపెనీ వాళ్ళకు తెలిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పాడు. తరువాత ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టాడు. ముత్తక్క ఆ మాట అన్న సంగతి నిజమేననీ, మా మేడం ఒత్తిడి చేసి నాతో తప్పుడు సవరణ రాయించారనీ నేను రాసి సంతకం పెట్టాలి. పెడితే సర్టిఫికెట్. పెట్టకపోతే రెండు నెలలూ వృథా, డిగ్రీ ఆగిపోతుంది.

నేను రాశాను. సంతకం పెట్టాను. నన్నెవరూ కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని రాశాను. నా తరఫున ఏదైనా చెప్పుకుందామంటే నాకు ఇప్పటికీ ఏమీ దొరకదు.

ఆ కాగితం కాలేజీకి చేరింది. మా మేడంను ప్రిన్సిపాల్ పిలిచి దాన్ని చూపించారు. వారం తరువాత ఆమె నాకు మెట్ల దగ్గర ఎదురయ్యారు.

“సర్టిఫికెట్ వచ్చిందా?”

“వచ్చింది మేడం.”

“లామినేషన్ చేయించకు, కరాబైతది. రెండు జిరాక్సులు తీయించి పెట్టుకో.”

అంతే. తిడితే బాగుండేది. సెలవులు అయ్యాక గుమాస్తా బల్ల మీద ఆమె ఆర్డరు లేదు. కారణం అడిగితే అతిథికి కారణం చెప్పక్కర్లేదన్నారట. ఆ కాలేజీ గోడ మీద ఈనాటికీ విలువలతో కూడిన విద్య అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

మేడం గీదంలో తన అక్క ఇంటికి చేరారు. అక్కగారిది చింతపండు వ్యాపారం. ఆ కొట్టు అరుగు మీద కూర్చుని, సంతకు వచ్చినవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవారు. పింఛను, రేషన్ కార్డు, పట్టా. రాసింది వాళ్ళ భాషలో చదివి వినిపించి, వాళ్ళు ఔనన్నాకే వేలిముద్ర వేయనిచ్చేవారని తరువాత విన్నాను. వినడమే. నేను ఆ వైపు వెళ్ళినా గీదంలో బస్సు దిగలేదు. ఇప్పుడామెకు గుండెపోటు వచ్చి అంతా అయిపోయింది.

నోట్ చూసిన రోజే కాలేజీకి ఫోన్ చేశాను. ప్రచార విభాగంలో ఒక అమ్మాయి ఎత్తింది. భోపాలపట్నం పిల్ల, ఇంటర్న్.

“నా మాట అని అందులో వేసింది ఎవరమ్మా?” అన్నాను.

“నేనే అక్కా. ఫార్మాట్ల అట్లనే ఉంటది. పేరు ఒక్కటే నేను ఏసిన. మీరు మేడం స్టూడెంట్ అని సర్ చెప్పిన్రు.” మళ్ళీ తనే అంది. “తీసెయ్యమంటరా? సర్‌ను అడగాలె. నా సర్టిఫికెట్ ఇంకా రాలేదక్కా.”

ఆ పిల్ల మీద అరవడానికి నోరు రాలేదు. కోపం ఆ ఫార్మాట్ తయారుచేసినవాళ్ళ మీద. ఇన్నేళ్ళలో ఒక చుక్క కూడా మార్చకుండా, ఆ చుక్కల మీద ఏటా కొత్త పిల్లల చేత పేర్లు వేయిస్తున్నవాళ్ళ మీద. నేనూ ఇప్పుడు ఈ వృత్తిలోనే ఉన్నాను, ఒక ఆసుపత్రి ప్రచార విభాగంలో. నా దగ్గరికీ ఇంటర్న్‌లు వస్తారు. వాళ్ళ డైరీలో ఆ గడి గీయించాలని ఏటా అనుకుంటాను. గీయించలేదు. ఈ ఏడు గీయిస్తున్నాను.

ఆ నోట్ చదివి కాలేజీని దీవించినవాళ్ళకు చెబుతున్నాను. ఆ కన్నీళ్ళు నావి కావు. ఆ మాట నాది కాదు. నా పేరు ఉండనివ్వండి. మాట ఇదీ: ఒక పల్లెటూరి మనిషి అనని మాటను అన్నట్టు అచ్చు వేయడం తప్పని మా మేడం అన్నారు, అందుకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇది అచ్చుకు పంపే ముందు గీదం వెళ్ళాను. మేడం లేరు కాబట్టి ఆమె అక్కకు చదివి వినిపించాలి. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంది. హిందీ నోట్ ఎవరో చదివి చెప్పారట. “సదువు” అంది.

చదివాను. ముత్తక్క దగ్గర ఒకసారి నవ్వింది. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

“మళ్ళ సదువు, ఆ ముక్క.”

మీరు పైన చదివినట్టు అప్పుడు లేదు. ముత్తక్క పేరు వేసిందీ, ఆ కాగితం మీద సంతకం పెట్టిందీ ‘ఒక విద్యార్థిని’ అనే రాసుకుని వెళ్ళాను. రెండోసారీ అదే చదివాను.

“ఎవరా పిల్ల?” అంది పెద్దమ్మ. “మా చెల్లెను ఎన్నోసార్లు అడిగిన. పేరు చెప్పలే. చిన్నపిల్ల, బతకాలె గదా అక్కా అనేది. పాణం పోయేదాంక చెప్పలే.”

నాకు కాగితం కనిపించలేదు. “నేనే పెద్దమ్మా” అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. “అది నీ పేరు దాచిందంటే అది వేరు. నీ పేరు నువ్వెట్ల దాస్తవు? రాయి” అంది. “రాసి మళ్ళ సదువు.”

అక్కడే అరుగు మీద కూర్చుని, కొట్టేసి, ‘నేను’ అని రాశాను. రాసి మొదటి నుంచి మళ్ళీ చదివాను. చదవడం పూర్తయ్యేదాకా పెద్దమ్మ చేతిలో ఉన్న చింతపండు గింజ తీయకుండా, కింద పెట్టకుండా, అలాగే గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.