పెద్దల్లుడి పదహారు మిల్లీసెకన్లు

పెద్దల్లుడు ఎవరిని కలిసినా ముందు అడిగేది ఒకటే: "మీకెంతసేపు కావాలి?" అవతలివాళ్ళు ఎంతంటే అంతసేపూ, ఒక్క సెకను తగ్గకుండా ఆగేవాడు. జుట్టు కత్తిరించే ఆయన ఇరవై నిమిషాలన్నాడని, పన్నెండు నిమిషాల్లో పనైపోయినా మిగతా ఎనిమిది నిమిషాలూ మెడ చుట్టూ గుడ్డతో కుర్చీలోనే కూర్చున్న మనిషి. వెనక కూర్చున్నవాళ్ళు లెమ్మని గోల పెడితే, "నేను కాదండీ, ఆయనే ఇరవై అన్నారు" అని కత్తెర పట్టుకున్న మనిషిని చూపించాడట.

ఈ మనిషిని చూస్తే చిన్నల్లుడికి ఒళ్ళంతా మంట. తోడల్లుడన్నవాడు పండక్కో పబ్బానికో ఎదురుపడితే ఎలాగో సర్దుకోవచ్చు. ఇక్కడ ఇద్దరూ ఒకే ఆఫీసు. ఒకే అంతస్తు. పగలంతా పక్క కుర్చీ, ఆదివారం అత్తగారింట్లో కూడా పక్క కుర్చీయే.

అత్తగారింట్లో పరిస్థితి మరీ అన్యాయం. మామగారు ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పేవాడు. ఆట మధ్యలో రీలు తెగిన కథ ఒకటుంది ఆయన దగ్గర. అది మొదలైతే ఇంట్లో అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. చిన్నల్లుడు కొత్తలో రెండు నిమిషాలు విని, "చివరికి అతికించేశారు కదా మామయ్యగారూ?" అన్నాడు. కథ అక్కడికక్కడే ప్రాణం విడిచింది. పెద్దల్లుడు మాత్రం చేతిగడియారం సవరించుకుని, "దీనికి ఎంతసేపు కావాలి మామయ్యగారూ?" అని అడిగాడు.

"వివరంగా అయితే గంటన్నర నాయనా."

గంటన్నరా విన్నాడు. ఆ రోజు నుంచి కాఫీ ముందు ఆయనకే అందుతోంది.

"మా బావని చూసి నేర్చుకోండి," అనేది చిన్నల్లుడి భార్య. "అక్క ఐదు నిమిషాల్లో తయారవుతానంటే గుమ్మంలో ఐదు నిమిషాలు నిలబడతాడు. మళ్ళీ 'ఇంకెంతసేపు?' అంటాడు. అలా ఐదుసార్లు అడుగుతాడు తెలుసా? ఒక్కసారైనా గొంతు పెంచడు. పైగా ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా అడుగుతాడు."

"అందుకే మీ అక్క ఏ పెళ్ళికి వెళ్ళినా అక్షింతలు అయిపోయాకే చేరుతుంది," అన్నాడు చిన్నల్లుడు. పైకి అలా అన్నాడే గానీ లోపల కుతకుత ఉడికిపోయాడు.

ఇంట్లో ఓడినా ఆఫీసులో మాత్రం తనదే పైచేయి అని అతని ధీమా. వాళ్ళు తయారుచేసేది గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే కంప్యూటరులోని బొమ్మని మానిటరు తెర మీదికి చేర్చే ప్రోగ్రాము. బొమ్మ వెళ్ళేముందు కంప్యూటరుకీ మానిటరుకీ లింకు కుదరాలి. కంప్యూటరు కేబులు గుండా కొన్ని సంకేతాలు పంపి, కాస్త ఆగి, "అందాయా?" అని అడుగుతుంది. అందాయంటే తెర వెలుగుతుంది. ఆ భాగం రాసింది చిన్నల్లుడే. ఆగే సమయాన్ని గీకి గీకి సెకనులో రెండున్నర వేలో వంతుకి, అంటే అర మిల్లీసెకనులోపుకి దించాడు. "మన తెరలు వెలిగినంత త్వరగా ఎవరివీ వెలగవు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆఫీసులో అతన్ని 'మెరుపు' అనేవారు. పెద్దల్లుణ్ణి 'ఎంతసేపుగారు' అనేవారు.

టీమ్ లీడరు కుర్చీ ఖాళీ అయింది. రేసులో మిగిలింది ఈ తోడల్లుళ్ళిద్దరే. నెలాఖరుకి తేలుస్తానంది మేనేజరమ్మ.

సరిగ్గా అప్పుడే ఒక పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. "ఏమండీ, పేషెంటు నోరు తెరిచాడు గానీ మీ తెర మాత్రం తెరుచుకోవడం లేదు! నల్లగా నిగనిగలాడుతోంది!"

ఇంకా నాలుగైదు చోట్ల నుంచి అదే ఫిర్యాదు. అన్నిచోట్లా ఒకే రకం పాత మానిటరు. డాక్టరు తన మానిటరునే పార్సిలు చేశాడు. మేనేజరమ్మ ఆ పని పెద్దల్లుడికి అప్పజెప్పింది. ఆయన అట్టవేసిన ఆరువందల పేజీల మానిటరు లింకు నిబంధనల పుస్తకం తెరిచి కూర్చున్నాడు. సాయంత్రానికల్లా చిన్నల్లుడి బల్ల దగ్గరికొచ్చాడు.

"తమ్ముడూ, లింకు ఫైలు నువ్వొకసారి చూడాలి. ఎంతసేపు కావాలి నీకు?"

చిన్నల్లుడు కుర్చీ కోసం తన గొప్పలన్నీ స్లైడ్లకెక్కించే హడావిడిలో ఉన్నాడు. తలెత్తకుండానే, "పది రోజులన్నయ్యా," అన్నాడు. ఆ మాటకి ఇంకెవరైనా తిట్టుకుంటూ పోయేవారు. పెద్దల్లుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చిన్నల్లుడికి రోజూ పండగే. పెద్దల్లుడి బల్ల మీద ఇప్పుడు డాక్టరు పంపిన ఆ బండ మానిటరు ఒక్కటే ఉంది. ఆయన దానితోనే పనిచేసుకుంటూ, తెర నల్లబడినప్పుడల్లా కేబులు పీకి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. మేనేజరమ్మ రోజూ వస్తోంది.

"ఏమండీ, ఆ నల్ల తెర సంగతేమైంది?"

"ఇంకా ఆరు రోజుల టైముందండి."

"ఎవరికుంది? నాకు లేదు!"

"ఉందండి," అంటాడాయన, అంతే నిదానంగా.

ఆ సంభాషణనంతా చిన్నల్లుడు సాయంత్రం ఇంటికెళ్ళి రెండు గొంతులతో నటించి చూపించేవాడు. భార్య నవ్వకపోతే మళ్ళీ నటించేవాడు.

తొమ్మిదో రోజు మేనేజరమ్మ పెద్దల్లుణ్ణి గదిలోకి పిలిచింది. "రేపటికి ఇది తేలకపోతే ఆ కుర్చీ మీద ఆశ వదులుకోండి," అనడం అద్దం తలుపు ఇవతలికి కూడా వినిపించింది. అప్పుడే పెద్దల్లుడి బల్ల మీద ఫోను మోగింది. డాక్టరే. ఆయన తిట్లు స్వయంగా విని తరిద్దామని చిన్నల్లుడు ఒక్క గెంతులో ఎత్తాడు.

"బాబూ, మీ పెద్దాయనకి చెప్పండి," అంది అవతలి గొంతు. "ఆయన మొదటిరోజే పంపిన సొంత మానిటరు దివ్యంగా ఉంది. అది మాత్రం తిరిగివ్వమనకండి. నా పాతది మీరే ఉంచేసుకోండి. అలా మిగతావాళ్ళక్కూడా తలో తెర పంపించాడటగా!"

చిన్నల్లుడికి ఏమీ అర్థం కాలేదు. తొమ్మిది రోజులు ఈయన చేసిందేమిటి మరి? అందరి చిత్తుప్రతులూ ఉండే సర్వరులో వెతికాడు. పెద్దల్లుడి ప్రతి దొరికింది. మొత్తం ఏడే లైన్లు. తేదీ చూస్తే మొదటి రోజుది! పక్కనే వివరణ రాసుంది: 'తనకెంత సమయం కావాలో మానిటరు తనలోనే రాసి పెట్టుకుంటుంది. నిబంధన ప్రకారం ముందు అది చదవాలి, అంతసేపూ ఆగాలి. ఈ మానిటరు అడిగింది పదహారు మిల్లీసెకన్లు. మనం చదవకుండా, ఆగకుండా ఐదుసార్లు అడిగేసి పొమ్మంటున్నాం.' కింద ఇంకో ముక్క: 'ఫైలు రాసినాయన పది రోజులు అడిగారు. అందాకా ఇది పంపకూడదు.'

పెద్దల్లుడు గదిలోంచి బయటికొచ్చాడు.

"అన్నయ్యా, ఇది మొదటిరోజే అయిపోయిందా?"

"అయిపోయింది."

"మరి చెప్పరేం?"

"నువ్వు పది రోజులన్నావు కదా."

"అయ్యో, నేనేదో మాటవరసకన్నాను!"

"మానిటరు కూడా మాటవరసకే రాసుకుందనుకున్నావు. అందుకేగా తెర నల్లబడింది."

చిన్నల్లుడు ఆ ఏడు లైన్లూ మళ్ళీ మొదట్నుంచి చదివాడు. పెద్దల్లుడు ఆ చదవడం అయ్యేదాకా నిలబడ్డాడు.

"మరి రోజూ ఆవిడ చేత తిట్లు తినడమెందుకు? కుర్చీ పోతే?"

"అది నీ ఫైలు తమ్ముడూ. నేను వేలు పెడితే నీ మీద గెలిచినట్టుంటుంది. నువ్వు దిద్దుకుంటే నీ పని నువ్వు చేసుకున్నట్టుంటుంది. ఇంకా ఒక రోజుంది, కూర్చో."

మెరుపు అనిపించుకున్నవాడు ఆ మధ్యాహ్నం ఆరువందల పేజీల పుస్తకాన్ని జీవితంలో మొదటిసారి నెమ్మదిగా చదివాడు. ఏడు లైన్ల పనికి తొమ్మిది లైన్లు రాశాడు. కేబులు పెట్టగానే బండ మానిటరు మొదటి దెబ్బకే వెలిగింది. పదహారు మిల్లీసెకన్లంటే రెప్పపాటులో చిన్న ముక్క. ఆ కాస్తా ఎక్కువ ఆగినందుకు ఎవరి కొంపా మునగలేదు.

ఇద్దరూ మేనేజరమ్మ దగ్గరికెళ్ళారు.

"మేడం, తప్పు నాది. ఈయన మొదటిరోజే పట్టుకున్నారు," అన్నాడు చిన్నల్లుడు గబగబా, ఆలోచిస్తే ధైర్యం పోతుందని.

ఆవిడ పెద్దల్లుడి వైపు తిరిగింది. "తొమ్మిది రోజులు దాచారా?"

"దాచలేదండీ. సర్వరులోనే ఉంది. ఆగాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పరుగులు పెట్టించడానికి ఇక్కడ నేనున్నాను. ఎవరికెంత టైం కావాలో అడిగేవాడు కూడా ఒకడుండాలి. రేపట్నుంచి లీడరు మీరే. అయితే ఇంకోసారి ఆగేటప్పుడు ఎవరికోసం ఆగుతున్నారో నాక్కూడా చెప్పి ఆగండి, మహానుభావా!"

బయటికి రాగానే చిన్నల్లుడు ఫోను తీసి, పెద్దల్లుడు జేబు తడుముకునేలోగానే అత్తగారికి వార్త చేరవేశాడు.

"నీకు రాలేదని బాధగా లేదా నాయనా?" అందావిడ.

"కడుపు మండిపోతోందండీ. మంచితనంలో కూడా ఆయనే ముందుంటే నేనేమైపోవాలి?"

"సరేగానీ, ఫోను పెద్దబాబుకియ్యి."

పక్కనే పెద్దల్లుడు చెయ్యి చాచాడు. చిన్నల్లుడు అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇస్తానత్తయ్యగారూ. ముందు నన్నో నిమిషం పొగడండి."