మేకు కొట్టని కప్పు

మా చిన్నాయన పోయాడని జమ్మలమడుగు బస్సు కండక్టరు ఇంటికొచ్చి చెప్పాడు. "ఏ చిన్నాయన?" అని అడిగాను. నాకున్నది ఒక్కడే చిన్నాయన. అలా ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. పోయి చూసి వచ్చాను, కర్మ కూడా అయిపోయింది. అయినా నా మనసు కుదుటపడలేదు. ఏడుద్దామని కూర్చుంటే ఆయన తేల్చకుండా వదిలిపోయిన పని గుర్తుకొస్తుంది. మీతో చెప్పుకుంటే కాస్త తేటపడుతుందేమోనని ఇది రాస్తున్నాను.

ఆయన లెక్కల అయ్యవారు. జమ్మలమడుగు బడిలో రిటైరయ్యాక తరచూ ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చేవాడు. రాగానే చెంబెడు నీళ్లు తాగి, చెంబు బోర్లించి, చుక్క రాలుతుందేమో చూసేవాడు. ఏదడిగినా టక్కున చెప్పడు. "తెలీకుంటే తెలీదను. అందాజుగా మాత్రం చెప్పొద్దు" అని నన్ను ఎన్నిసార్లు కసిరాడో!

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా పాప ఒకటో తరగతిలో చేరింది. వాచకంలో ఉన్నట్టే, అటూ ఇటూ వాలిన కప్పుతో పలక మీద ఇల్లు గీసింది. తలెత్తి మా మిద్దెను చూసి, "తాతా, మన కప్పు సపాటుగా ఉందే, మనది ఇల్లు కాదా?" అంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పాప అడిగింది సబబే. ఊరంతా మిద్దెలే. పిల్లోళ్లు గీసేది మాత్రం యాడా లేని ఇల్లు" అన్నాడు. దసరా కొలువులో పెట్టుకోవడానికి అచ్చం అలాంటి బొమ్మలిల్లు చేసిస్తానని మాటిచ్చాడు.

గోడలు చకచకా లేచాయి. చిక్కంతా కప్పు దగ్గరే. ఎంత వాలు పెట్టాలి? కోణమానిని బెజ్జానికి దారం కట్టి, దాని చివర పాత తాళంచెవి వేలాడదీసి, వాలు కప్పులు వెతుక్కుంటూ బయల్దేరాడు. జమ్మలమడుగులో ఒకసారి నేనూ వెంట ఉన్నాను. పెంకుల బంగళా ముందు నిలబడి, ఒక కన్ను మూసి, కోణమానిని ఎత్తి పట్టాడు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సామీ కొలుస్తాండావు? పన్ను పెంచేదానికా?"

"కాదప్పా. బొమ్మలింటికి."

"బొమ్మలిండ్లకు గూడా పన్నేస్తారా!"

చిన్నాయన మళ్లీ కన్ను మూసి కోణమానిని ఎత్తాడు.

బంగళాది ఒక కోణం. మా ఊరి పత్తి మిల్లు రేకుల షెడ్డుది ఇంకొకటి. పులివెందుల దారిలో బోదగడ్డి కప్పిన కొట్టాలు దేని తీరు దానిదే. చివరికి విసుగొచ్చి వాచకంలోని బొమ్మనే కొలిచాడు. దానికీ రెండు వైపులా వాలు కలవలేదు. "గీసినాయన గూడా కొల్చలేదు గదమ్మీ" అని దిగులుగా నా వైపు చూశాడు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ ఏడుపూ కలిసే వస్తున్నాయి.

ఇంతలో దసరా రానే వచ్చింది. రెండు చెక్కలను మడత బందులతో కలిపి, పుస్తకం బోర్లించినట్టు గోడల మీద పెట్టి ఇచ్చాడు. "మేకు కొట్టొద్దు. సరైన వాలు దొరికినంక నేనే కొడ్తా" అన్నాడు. కోణమానిని ఆ బొమ్మలింట్లోనే ఉంచాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా కప్పును కాస్త లేపి, కాస్త దించి, "ఇంగా తెలీలేదు" అనేవాడు.

మొన్న మా ఆయన సుత్తీ మేకులూ తెచ్చిచ్చాడు. "ఇంగెవురు కొలుస్తారు? కొట్టేయ్" అన్నాడు. కొడితే అది అందాజు, చిన్నాయనకు నచ్చదు. కొట్టకపోతే ఆయన ఇంకా వస్తాడని కూర్చున్నట్టే. నిజం చెప్పాలంటే, వస్తాడనే అనిపిస్తోంది.

సుత్తి పట్టుకుని గదిలోకి పోయాను. బొమ్మలింటి కప్పు గోడల మీద సపాటుగా పరిచి ఉంది. దాని మీద చేతిరుమాలు, రుమాలు మీద వరసగా పడుకున్న బొమ్మలు.

"ఇదేందే?"

"లోపల ఉడకపోస్తాందిమా. మిద్దెమీద పండుకున్యారు" అంది పాప.

ఎండాకాలం మేమంతా పడుకునేదీ అలాగే. ఆయన ఊళ్లు తిరిగి అన్ని కప్పులూ కొలిచాడు గానీ, మా మిద్దెను ఒక్కసారీ కొలవలేదు. సుత్తి కింద పెట్టి, కోణమానిని తీసి ఆ సపాటు కప్పుకు ఆనించాను. దారం చివర తాళంచెవి ఎంతకీ నిలవలేదు.