మాస్టర్ గారి రెండు స్కాన్లు

పొద్దున సెలూన్ షట్టర్ పైకి లేపగానే మాస్టర్ చేసే మొదటి పని బెలూన్ ఊదడం. దానికి నురగ పూసి, కత్తికి కొత్త బ్లేడు వేసి, మనిషి గడ్డం గీసినంత శ్రద్ధగా గీస్తాడు. బెలూన్ పగలకపోతే ఆ రోజు కుడిచెయ్యి తన మాట వింటుందని నమ్మకం. టప్పుమని పేలిందా, ఆ పూటకి కత్తెర పనే. గడ్డానికి వచ్చినవాళ్లతో "బ్లేడ్లు అయిపోయాయండీ, సాయంత్రం రండి" అంటాడు.

"ఇన్నిసార్లు బ్లేడ్లు అయిపోయే సెలూన్ నేనెక్కడా చూళ్లేదయ్యా" అంటాడు గుండు బాబాయ్. తల మీద ఒక్క వెంట్రుక లేకపోయినా రోజూ గడ్డానికి వచ్చే పాత ఖాతాదారు ఆయన.

అసలు సంగతి ఆ చేతిలో లేదు, మెదడులో ఉంది. ముందు ఒక కన్ను మసకబారింది. అది కాస్త తేరుకుందనుకునేలోపు కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి, నరాల మీది పొరను కొరికే జబ్బు. రోజూ ఒక మాత్ర వేసుకుంటే అణిగి ఉంటుందన్నారు. మాస్టర్ ఒక్కరోజు కూడా మానలేదు.

కిందటేడు నరాల డాక్టరమ్మ ఒక మాట అడిగింది. మెదడు స్కాన్ తీసేటప్పుడు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. పొర కొత్తగా దెబ్బతిన్న చోటికి ఆ మందు చేరి ఫొటోలో తెల్లగా మెరుస్తుంది. అలాంటి మందులు రెండున్నాయి. ఏది బాగా చూపిస్తుందో పోల్చి చూడటానికి ఒకే మనిషికి కొద్దిరోజుల తేడాతో రెండు స్కాన్లు తీస్తారు, ఒక్కోసారి ఒక్కో మందుతో. ఫొటోలు చూసే డాక్టర్లకి ఏది ఏ మందో చెప్పరు. మీరూ అందులో చేరతారా అని.

"రోజూ ఎందరో నాకు తల అప్పజెప్పి కూర్చుంటారు. ఈసారి నా వంతు. కానివ్వండి" అన్నాడు మాస్టర్.

రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూపించిన రోజు మాత్రం నవ్వలేకపోయాడు. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదానిలో మూడు చోట్ల మెతుకులంత తెల్లటి చుక్కలు.

"ఏది నిజం డాక్టర్ గారూ?"

"రెండూ మీ తలే. ఈ చుక్కలు మొదటి మందుకి దొరకలేదో, ఈలోపు కొత్తగా వచ్చాయో చెప్పలేను. ఇప్పుడైతే ఉన్నాయి. అంటే మాత్ర సరిపోవట్లేదు. డ్రిప్‌లో ఎక్కించే గట్టి మందుకి మారాలి. దాంతో ఒంట్లో నిరోధక శక్తి తగ్గుతుంది. దగ్గు, జలుబు ఉన్నవాళ్లకి దూరంగా ఉండాలి."

"నాది మొహంలో మొహం పెట్టి చేసే పని కదండీ."

"ఆలోచించుకోండి. కానీ నాన్చకండి."

కత్తి పట్టడం మానేస్తే ఇక తను ఎవరు? ఇంటిదాకా మాస్టర్‌ని తొలిచింది ఆ ఒక్క ప్రశ్నే.

భార్య కూడా సెలూన్‌లోనే పనిచేస్తుంది. కర్టెన్ పక్కన కూర్చుని జుట్టుకి రంగు వేయడం ఆమె వంతు. గిన్నెలో రంగు కలుపుతూనే అంతా విని, తేల్చేసింది.

"ఆ స్కాన్ మందూ రంగులాంటిదే. రెండో రంగు మీకు పడలేదు, అంతే. మొన్న బ్యాంకాయనకి నేను వేసిన రంగు పడక తలంతా దద్దుర్లు తేలలా? ఇదీ అలాంటిదే. మొదటిది పడింది, రెండోది పడలేదు. పడని రంగుకి తేలిన మచ్చలకి మళ్లీ మందులెందుకండీ?"

మాస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ చెప్పింది అది కాదని ఆయనకి తెలుసు. తెలిసే ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

"స్కాన్ ఏమందోయ్?" అని గుండు బాబాయ్ అడిగితే, "మొదటిది బ్రహ్మాండం బాబాయ్. రెండోదాంట్లో వాళ్లెక్కించిన రంగు నాకు పడలేదు" అని చెప్పాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే మోగి మోగి దానంతటదే ఆగేదాకా చూస్తూ ఉండేవాడు. బెలూన్లు తరచుగా పేలుతున్నాయి. మాస్టర్ వాటిలో గాలి తగ్గించి ఊదడం మొదలుపెట్టాడు. మెత్తటి బెలూన్ అంత తేలిగ్గా పగలదు.

ఒకరోజు గడ్డం గీశాక వేడినీళ్లలోంచి తువ్వాలు తీసి, పిండి, గుండు బాబాయ్ మొహాన కప్పాడు.

"అమ్మో! చంపేశావు కదయ్యా!" ఆయన కుర్చీలోంచి ఎగిరి దూకాడు. "గీసింది చాలక ఉడకబెడతావా?"

భార్య పరిగెత్తుకొచ్చి, కింద పడ్డ తువ్వాలు తీయబోయి చటుక్కున వదిలేసింది. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చన్నీళ్లతో ఆయన చెంపలు తుడుస్తూ మాస్టర్ చేతి వైపు చూసింది. అరచెయ్యంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆయన దాన్ని మామూలుగా ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

గుండు బాబాయ్ ఇంకేదో అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి, "సర్లే, రేపొస్తాను" అని వెళ్లిపోయాడు.

సెలూన్ ఖాళీ అయింది. ఆమె మాస్టర్ అరచేతికి మందు రాస్తూ అడిగింది.

"రంగు పడకపోతే రాసిన చోటల్లా లేస్తుంది. ఇక్కడోటి అక్కడోటి లేవదు. మీకు ఎక్కించింది తలంతా తిరిగింది కదా. మూడు చోట్లే ఎందుకు మెరిసింది?"

"ఆ మూడు చోట్లే దెబ్బతింది కాబట్టి."

"ఈ సంగతి మీకెప్పటినుంచి తెలుసు?"

"డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది."

"మరి నేను నోటికొచ్చింది వాగుతుంటే ఆపరేం?"

"నువ్వు చెప్పిందే బాగుంది."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టర్ ఎదురుచూశాడు. మందు మూత బిగించి, ఆయన జేబులోంచి ఫోన్ తీసి, ఎడమచేతిలో పెట్టింది.

మళ్లీ స్కాన్ తీశారు. ఈసారి చుక్కలు ఎక్కువయ్యాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. అప్పుడే వచ్చి ఉంటే చెయ్యి పరిస్థితి ఇంతవరకూ వచ్చేది కాదా అని అడిగితే మాత్రం, "ఖచ్చితంగా చెప్పలేను" అంది. ఆ జవాబు మాస్టర్‌ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. రెండు స్కాన్ మందుల్లో ఏది మేలో వాళ్ల లెక్క ఇంకా తేలలేదట.

ఇప్పుడాయన డ్రిప్ మందు మీద ఉన్నాడు. మాస్కు కట్టుకుని, దగ్గేవాళ్లని మర్యాదగా వెనక్కి పంపి, కత్తెర పని వరకు చేస్తాడు. గడ్డాలు భార్య గీస్తుంది. కుడి అరచేతికి వేడి ఇంకా తెలియడం లేదు.