వాక్యానికి మొదలు

పొందూరులో మా పక్కింటి మామ్మకు చదువు రాదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుకుంటూ, ఏ బోధకుడి మాట చెప్పినా ఒకటే అడిగేది: "దానికి ముందర ఏటున్నాదిరా?" మా గ్రంథాలయంలోని క్రైస్తవ పుస్తకాలన్నీ చదివేసిన నాకు అది చాదస్తంగా తోచేది.

ఒక వేసవిలో సువార్త సభలకు పెద్ద పేరున్న బోధకుడొకాయన వచ్చాడు. వైద్యుడు అక్కరలేదని యేసే చెప్పాడనీ, మందు మింగడం అవిశ్వాసమనీ గర్జించాడు. ఆ ప్రసంగాన్ని సెల్‌ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన అమ్మ షుగర్ మాత్రలు మానేసింది. ఆ మాట బైబిల్లో ఉందని నాకు తెలుసు కనుక వాదించలేకపోయాను. నాలుగో రోజు అమ్మ కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడింది.

మామ్మ పరుగున వచ్చి, "ఆయన సెప్పిన ముక్క తీసి సదువు" అంది.

బైబిలు తెరిచి, "ఆరోగ్యము గలవారికి..." అని మొదలుపెట్టాను.

"నడిమధ్యలోంచి కాదురా, మొదట్నుంచి!"

మొదట్నుంచి చదివితే, "రోగులకే గాని ఆరోగ్యము గలవారికి వైద్యుడు అక్కరలేదు" అని ఉంది; ఆ వాక్యంలో ముందున్నది రోగులే. వైద్యుడు కావలసింది వాళ్ళకేనట. మామ్మ అమ్మ వైపు తిరిగింది.

"ఇన్నావేటే? నువ్వు రోగివా, కావా?"

"రోగినే పిన్నీ."

"ఆయన సగం వాక్యం మింగేసినాడు. నువ్వు గోలీ మింగు."

అంత నీరసంలోనూ అమ్మ ఫక్కున నవ్వి నీళ్ళచెంబు అందుకుంది.

మామ్మ ఇప్పుడు లేదు. అమ్మ ఉంది. అందుకు రోజూ ప్రార్థనలో దేవుడికీ, ఆ వెంటనే మామ్మకీ కృతజ్ఞత చెప్పుకుంటాను.