మేష్ట్రు ఓటడగడానికి వచ్చిన రోజు

బాగేపల్లిలో మాది బట్టల అంగడి. నాకు కన్నడ అక్షరాలు దిద్దించిన మేష్ట్రు మా దగ్గర ఎన్నడూ బేరమాడలేదు. “నువ్వు చెప్పిందే ధర, చించరా గుడ్డ” అనేవారు. అందుకే ఆయనకు మొదటే న్యాయమైన ధర చెప్పేవాణ్ణి. ఆ భాగ్యం మా మామకు కూడా దక్కలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన బడి పని మానుకుని పట్టణ పంచాయతీకి నిలబడ్డారు. ఓటు కోసం అంగడికొచ్చి నాకే చేతులు జోడించారు. నాకు సిగ్గేసింది. సిగ్గు కప్పుకోవడానికి నాకు తెలిసిన విద్య బేరమొక్కటే.

“ఊరికే ఓటెట్ల వస్తాది మేష్ట్రే? అంగడి ముందర మురుగునీళ్ల మోరీ ఎట్ల పొంగుతాండాదో చూడండి. అది బాగు చేయిస్తే ఇంట్లో ఐదు ఓట్లూ మీవే” అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. చీటీ తీసి రాసుకున్నారు. “చేయిస్తానప్పా” అన్నారు. ఆ రోజుదాకా నన్ను ‘ఏరా’ అనేవారు; ‘అప్పా’ అనేది బయటివాళ్లనే.

గెలిచి, అన్నిటికంటే ముందు మా మోరీయే కట్టించారు. పని చూడడానికి వచ్చి “సరింగా ఉండాదా అప్పా?” అని అడిగి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. చనిపోయేదాకా నన్ను అప్పా అనే పిలిచారు. పాత పిలుపే పిలవండి మేష్ట్రే అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అదీ బేరమే అనుకుంటారని అడగలేదు.